లైకులు చీరలు కొనయి దోస్త్

పోచంపల్లి

అరే దోస్త్,

పాలమూరుల మీ ఇంటామె పిండివంటల దుకాణం పెడుతున్నదని చదివి మస్తు సంబురమైంది. "ఫేస్‌బుక్కుల, వాట్సాపుల పెడితే నిజంగ గిరాకి వస్తదా?" అని అడిగినవ్ గద. ఫోన్ల చెప్తే ఒడువని ముచ్చట, అందుకే రాస్తున్న.

గిరాకి వస్తది, కని మెల్లగ. ముందుగాల వచ్చేది సలహా. ఈడ మా చీరల దుకాణం పక్కాయనను పార్సిల్ ఎట్ల కడ్తవే అని అడిగితే నవ్వి ఊకుంటడు. ఆయనను అనేదేం లేదు, ఇద్దరం ఒక్క గిరాకినే పంచుకుంటున్నం. అదే చేనేత గ్రూపుల గద్వాలామె, చీరాలాయన అడగంగనే చెప్తరు. వాళ్ల గిరాకి వేరాయె, దాచుకునేదేముంది? నువ్వు కూడ దూరపోళ్లున్న గ్రూపే చూసుకో.

మా వంగపండు రంగు పట్టుచీర ఫోన్ల ఎప్పుడు జూసినా నీలంగనే పడేది. చేతికి పోయినంక "రంగు వేరే ఉంది" అని వాపసు. గ్రూపుల అడిగితే గద్వాలామె వాయిస్ పెట్టింది: "ట్యూబులైటు కింద తియ్యకు తమ్మీ. పొద్దుగాల అరుగు మీద నీడల పరువు, పక్కన తెల్లబట్ట పెట్టు. తెలుపు తెలుపుగ పడ్డదంటే మిగిలినయి సక్కగనే పడ్తయి." అంతే, వాపసులు తగ్గినయి.

ఇంకొకాయన చెప్పింది ఇంకా అక్కరకొచ్చింది. పోచంపల్లికి 2005లనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతం నేతకే చెందుతదనే సర్కారు ముద్ర, వచ్చినా, మన డిజైను బట్ట మీద అచ్చేసి పోచంపల్లి అని అమ్మేటోళ్లు ఆగలే. చీరను తిరగేసి వీడియో తియ్యమన్నడు. మనది పోగులకే చిటికి కట్టి, అంటే రంగంటొద్దన్న కాడ గట్టిగ చుట్టి, రంగులద్ది, అటెన్క నేసేది గద, రెండు దిక్కులా రంగు ఒక్కతీరుగ ఉంటది. అచ్చేసింది ఎనుక వెలిసినట్టు కనిపిస్తది. డిజైను అంచులు కొంచెం చెదిరినట్టుంటయి సూడు, గది లోపం కాదు, చిటికి గుర్తు. ఆ చిన్న వీడియో పెట్టినంక "గంత ధరెందుకు?" అనేటోళ్లు తక్కువైన్రు.

మీ ఇంటామెకు చెప్పు: వాట్సాప్ బిజినెస్ ఉత్తగనే దొరుకుతది, దాంట్ల కేటలాగు పెట్టి ధరలు రాయాలె. "ధరకు ఇన్‌బాక్స్ చేయండి" అనే యవ్వారం చూస్తె నాకు చిరాకు. ఇంట్ల చేసి అమ్మినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలె, అది ముందు చేయించు. సకినాలు విరగకుంట పంపుడెట్లనో నన్ను కాదు, పిండివంటలోళ్లను అడగాలె. వాళ్లేమన్న అడిగితే మీ ఆమె కూడ చెప్పాలె మల్ల. ఉత్తగ అడుగుడే పెట్టుకున్నోళ్లకు కొన్నొద్దులకు ఎవ్వరు పలుకరు.

గ్రూపులల్ల సగం గుడ్ మార్నింగ్ పూలే, ఇంకింత లోన్ యాపులు. ఫాలోవర్లను పెంచుతమని పైసలడిగేటోడు కూడ వస్తడు, బ్లాక్ కొట్టు. లైకులు చీరలు కొనయి, సకినాలు కూడ కొనయి. ఇంకోటి, "పైసలు పంపుతున్న, పిన్ కొట్టు" అంటె మోసమే. మనకు పైసలు రావాల్నంటె పిన్ అక్కరలేదు.

దసరా ఆర్డర్లు మొదలైతె నాకు తీరది, అంతల్నే ఒకసారి వచ్చిపో. సకినాల మొదటి పార్సిల్ నాకే కట్టు, పైసలు ఫోన్‌పే కొడ్త. ఎన్ని విరిగినయో ఫోటో తీసి పంపిస్త.

నీ దోస్తు