సాయంత్రం పూట మ్యూజియం తెరవండి

సంపాదకులకు,

మామూలు రోజుల్లో సాలార్‌జంగ్ మ్యూజియం సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. శుక్రవారం సెలవు. ఆ పక్కనే బట్టల షాపులో రాత్రి దాకా పనిచేసే నాలాంటివాళ్లం ఎప్పుడు చూడాలి? పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయిని తీసుకెళ్లాను. మేలిముసుగు వేసుకున్న అమ్మాయి శిల్పం ‘వెయిల్డ్ రెబెకా’ ముందు నుంచి నేను కదల్లేకపోయాను. రోజంతా చీరలు మడతపెట్టే చేతులు నావి. పల్చటి బట్ట ముఖం మీద ఎలా వాలుతుందో ఇటలీ శిల్పి బెంజోనీ చలువరాతిలో అలాగే చూపించాడు. ఇంకాసేపు చూద్దామంటే, గంట కొట్టే గడియారం దగ్గరికి వెళదామని అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

లండన్‌లో 1857లోనే సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో గ్యాస్ దీపాలు పెట్టారు, కూలిపనివాళ్లు సాయంత్రం రావాలనే. ఇప్పుడు దాన్నే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అంటున్నారు. మన దగ్గరా నెలకో సాయంత్రం 9 దాకా తెరవండి. ఆవరణలో కాసేపు ఖవ్వాలీ, చాయ్, ఒక్క బొమ్మ గురించి తెలుగులో, ఉర్దూలో తీరిగ్గా చెప్పే మనిషి ఉంటే చాలు. టికెట్ మాత్రం పెంచొద్దు. మా షాపులో పనిచేసే పిల్లలందర్నీ నేనే వెంటబెట్టుకొస్తాను.

– ఒక బట్టల షాపు ఉద్యోగి, హైదరాబాద్