ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. అమెరికాలో ఉన్న పిల్లలు మ్యాక్‌బుక్ నుంచి ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి ఊరికి పంపుతారు. ఇక్కడ ఇంట్లో ఉన్నది విండోస్ ల్యాప్‌టాప్. కేబుల్ పెట్టగానే ‘ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని తెర మీద ఒక పెట్టె వస్తుంది. షాపుకు పట్టుకెళ్తే ‘డిస్క్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి’ అంటారు. ఫార్మాట్ అంటే డిస్క్‌ను ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేయడం, లోపలి ఫొటోలు కనిపించకుండా పోతాయి. చాలాసార్లు ఆ డిస్క్ పోయి ఉండదు, అందులో ఒక్క ఫొటో కూడా చెడి ఉండదు. మ్యాక్ ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలోనో, అంతకు ముందున్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలోనో రాసింది. విండోస్‌కు ఆ రెండూ చదవడం రాదు. ఆ పెట్టెలో నొక్కాల్సింది క్యాన్సిల్. ఈ మాట మీ పత్రిక ద్వారా ఇంటింటికీ చేరాలని ఈ ఉత్తరం.

డిస్క్ పోయిందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఎక్స్ నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద ఒక్కో డిస్క్ ఒక్కో అడ్డపట్టీలా కనిపిస్తుంది. పట్టీకి ఎడమ చివర 200 ఎంబీల చిన్న ముక్క, దాని మీద ఈఎఫ్‌ఐ అన్న మాట ఉండి, పక్కన పెద్ద ముక్కకు విండోస్ చదవగలిగే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనో ఎక్స్‌ఫ్యాట్ అనో ఏ పేరూ లేకపోతే అది మ్యాక్‌లో తయారైన డిస్క్. ఏదైనా మ్యాక్‌కు తగిలించి, పక్కన ఇంకో ఎక్స్‌ఫ్యాట్ (మ్యాక్, విండోస్ రెండూ చదివి రాసే పద్ధతి) డిస్క్ పెట్టి కాపీ చేసుకుంటే పని అయిపోతుంది. 1 టీబీ డిస్క్ అక్కడ 931 జీబీ అని చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. సైజు సున్నా చూపిస్తేనో, ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని వస్తేనో ముందు కేబుల్ మార్చండి. ఇనిషియలైజ్, అంటే కొత్త డిస్క్‌లా మొదటి నుంచి సిద్ధం చేయమంటారా అని అడిగితే సరే అనకండి.

కేబుల్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చిన్న సైజు, అంటే రెండున్నర అంగుళాల డిస్క్‌కు వేరే అడాప్టర్ ఉండదు, తిరగడానికి కావాల్సిన కరెంటంతా యూఎస్‌బీ నుంచే లాగాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. పొడవాటి కేబుల్, నాసిరకం హబ్, డెస్క్‌టాప్ ముందువైపు పోర్టు, వీటిలో ఏది ఉన్నా డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు వచ్చే టిక్కు టిక్కు శబ్దం విని డిస్క్ పోయిందనుకుంటారు. పొట్టి కేబుల్‌తో సీపీయూ వెనకవైపు పోర్టుకు పెట్టి చూడండి. అప్పటికీ శబ్దం ఆగకపోతే అది నిజంగా జబ్బే. వెంటనే తీసేయండి, పదేపదే పెట్టి చూడకండి.

ఇక విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఉన్న డిస్క్ మ్యాక్‌కు పెడితే ఫైళ్లన్నీ కనిపిస్తాయి, తెరుచుకుంటాయి, కానీ పేస్ట్ అవదు. వైరస్ కాదు, లాకూ కాదు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది కానీ రాయదు. చూసుకోవడానికే అయితే అలాగే వాడుకోండి.

విండోస్, మ్యాక్ లాగే కంప్యూటర్‌ను నడిపే మరో వ్యవస్థ లినక్స్. అందులో వచ్చే చిక్కు వేరు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. డిస్క్ తగిలించే ఉండగా షట్‌డౌన్ చేసి, తీసుకెళ్లి లినక్స్‌కు పెడితే ‘ఇది ఇంకా విండోస్ చేతిలోనే ఉంది’ అన్న గుర్తు దాని మీద ఉండిపోతుంది. లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. 2021లో లినక్స్ కెర్నల్‌లోకి (దాని మూల భాగంలోకి) వచ్చిన, ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లు తెరిచే కొత్త ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ అయితే తెరవను అనడంతో ఆగదు. ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అని భయపెట్టే సందేశం వస్తుంది. అది చూసి మళ్లీ ఫార్మాట్ కొట్టేస్తారు! నిజానికి ఆ డిస్క్‌ను తిరిగి విండోస్‌కు పెట్టి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కి, అయ్యాక సేఫ్లీ రిమూవ్ చేస్తే సరిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేస్తే ఇంకా మంచిది.

లినక్స్‌లో మరో సంగతి: కాపీ అయిపోయినట్టు గీత నిండిపోతుంది, కానీ డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. అప్పుడు కేబుల్ పీకితే చివరి ఫైళ్లు సగం సగమే పడతాయి. ఎజెక్ట్ నొక్కి, ఇక తీయవచ్చు అని చెప్పేదాకా ఆగాలి. డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ రాస్తూనే ఉందని అర్థం.

అన్నిటికీ పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాట్. విండోస్, మ్యాక్, 2019 తర్వాతి కెర్నల్ ఉన్న లినక్స్, మూడూ రాస్తాయి, చదువుతాయి. పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కాబట్టి పెళ్లి వీడియోలకు అది పనికిరాదు. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ లేదు, అంటే రాస్తుండగా కేబుల్ ఊడితే ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే చిట్టా ఉండదు. అందుకే ఉన్న ఒకే ఒక్క కాపీని దాని మీద ఉంచకూడదు. ఎజెక్ట్ చేయకుండా పీకిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ను మ్యాక్‌కు పెడితే చాలాసేపు ఏమీ కనిపించదు. లోపల తనిఖీ నడుస్తుంటుంది. యాక్టివిటీ మానిటర్‌లో ఎఫ్‌ఎస్‌సీకే అని మొదలయ్యే పేరు కనిపిస్తే అదే. పెద్ద డిస్క్ అయితే గంటలు పట్టొచ్చు. మధ్యలో పీకితే పని మళ్లీ మొదటికొస్తుంది.

మ్యాక్‌లో వాడిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ను విండోస్‌లో తెరిస్తే ప్రతి ఫొటోకూ జతగా చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే అదే పేరు ఒకటి కనిపించవచ్చు. దాన్ని నొక్కితే తెరుచుకోదు, ఫొటో కరప్ట్ అయిందనుకుంటారు. అది ఫొటో కాదు, మ్యాక్ రాసుకున్న చిన్న చీటీ. అసలు ఫొటో పక్కనే ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎంత చిన్న ఫైలైనా సాధారణంగా 128 కేబీ జాగా తింటుంది. 50 వేల చీటీలంటే ఆరు జీబీకి పైనే. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే జిప్ చేసి ఎక్కించండి.

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట. ‘హైదరాబాద్’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే పద్ధతిలో, రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగా. కంటికి తేడా కనిపించదు. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఆ పేరును రెండుగా విడగొట్టి దాస్తుంది. విండోస్, లినక్స్ మనం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతాయి. అందుకే పాత మ్యాక్‌లో కట్టిన జిప్‌ను లినక్స్‌లో విప్పితే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కూర్చోవచ్చు, వెతికితే ఒకటే దొరుకుతుంది. అలాంటి పేర్లకు ముందు 2024-11-08 అని తేదీ పెట్టుకుంటే తేదీతో వెతుక్కోవచ్చు. పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం మాత్రం వాడకండి. లినక్స్ ఒప్పుకున్నా విండోస్ ఒప్పుకోదు.

పొరపాటున ఫార్మాట్ కొట్టేసి ఉంటే ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ అయితే డేటా చాలావరకు అడుగున ఉంటుంది, రికవరీకి అవకాశముంది. ఫుల్ ఫార్మాట్ విండోస్ విస్టా నుంచి డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది, అక్కడ ఇక ఏమీ మిగలదు.

డిస్క్‌లు అమ్మే షాపులవాళ్లకు నా విన్నపం ఇది. బిల్లు రాసేటప్పుడే ‘దీన్ని వేటికి పెడతారండీ?’ అని అడగండి. మ్యాక్ కూడా ఉందంటే అక్కడే ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చి ఇవ్వండి, కొత్త డిస్క్‌కు నిమిషం పట్టని పని. మ్యాక్‌లో టైమ్ మెషీన్ బ్యాకప్‌కు ఈ డిస్క్ వాడాలా అని అడిగితే వద్దనమని చెప్పండి, ఒప్పుకుంటే అది డిస్క్‌ను తుడిచి తన పద్ధతిలోకి మార్చేస్తుంది. డిస్క్ వెనక ఒక తెల్ల స్టిక్కర్ అంటించి, ఏ ఫార్మాటో, ఏ తేదీన చేశారో పెన్నుతో రాసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సర్వీస్ టెక్నీషియన్,
విజయవాడ