నీ లోలకం కోసం నేను చదవమనే బ్లాగులు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు నల్లబల్ల మీద లోలకం బొమ్మ గీసి చెబుతున్నవాడివి, ఇప్పుడు అదే లోలకాన్ని బ్రౌజర్‌లో నీ చేతులతో ఊగించాలనుకుంటున్నావు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నలభై వీడియోలు చూశావనీ, చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉండి ఖాళీ ఫైలు తెరవగానే చెయ్యి కదలడం లేదనీ రాశావు. అందులో నీ తప్పేమీ లేదు. ఎవరో ఈదుతుంటే ఒడ్డున కూర్చుని చూసినట్టుంటుంది వీడియో. బ్లాగులో మంచి వ్యాసం చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ వెనక్కి వెళ్లాలో నీ ఇష్టం. పక్కనే కన్సోల్, అంటే బ్రౌజర్‌లో కోడ్ రాసి ఫలితం చూసుకునే చోటు, తెరుచుకుని ప్రతి వాక్యాన్నీ పరీక్షించుకోవచ్చు.

ఏ బ్లాగులు చదవమంటావని అడిగావు. యాభై పేర్లు పంపగలను కానీ పంపను. ముందు ఒక్క వ్యాసం చదువు. జేక్ ఆర్చిబాల్డ్ అనే ఆయన 2015 ఆగస్టులో తన బ్లాగులో రాసింది. బ్రౌజర్ చేసే టాస్కులు (పనులు), మైక్రోటాస్కులు (వాటి వెంట పుట్టే చిన్న పనులు), అవి నిలబడే వరసల గురించి. మొదట్లోనే బ్రౌజర్ నడిపే భాష జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న కోడ్ ఇచ్చి, ఇందులోని సందేశాలు కన్సోల్‌లో ఏ క్రమంలో పడతాయో చెప్పమంటాడు. మొదటి పంక్తి ఒక సందేశం రాస్తుంది. తర్వాత సున్నా మిల్లీసెకన్ల గడువుతో, ఒక పనిని గడువు తర్వాత చెయ్యమనే టైమర్, సెట్‌టైమౌట్ ఉంటుంది. దాని కింద ఒక ప్రామిస్ (ఫలితం తర్వాత అందిస్తానని కోడ్ ఇచ్చే మాట), దానికి ఒకదాని వెంట ఒకటిగా రెండు పనులు. చివర మరో సందేశం. గడువు సున్నా కదా, టైమర్ వెంటనే పలుకుతుందని అందరికీ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ మొదటి సందేశం, చివరి సందేశం, ఆ తర్వాత ప్రామిస్ పనులు రెండూ పడ్డాకే టైమర్ వంతు వస్తుంది.

ఎందుకో ఆయన ఒక్కో అడుగూ కదిలే బొమ్మలతో చూపిస్తాడు. నేను నా మాటల్లో చెబుతాను. కౌంటర్లో ఒకే గుమస్తా ఉన్న చిన్న బ్యాంకును ఊహించుకో. ఆయన చేతిలో ఉన్న పనిని మధ్యలో వదలడు. ఆ పని ముగిశాక, దాని వల్ల పుట్టిన సంతకాలూ ముద్రలూ అన్నీ పూర్తి చేస్తాడు. ఆ తర్వాతే వరసలో ఉన్న తర్వాతి మనిషిని పిలుస్తాడు. ఆ సంతకాలే ప్రామిస్ పనులు, వరసలో నిలబడ్డ మనిషి టైమర్. సున్నా గడువంటే ‘ఇప్పుడే’ అని కాదు, ‘నన్ను వరసలో నిలబెట్టు’ అని మాత్రమే. నాకు ఇంకా నచ్చిన విషయం ఒకటుంది. ఆ వ్యాసం రాసిన రోజుల్లో కొన్ని బ్రౌజర్లే ఈ క్రమాన్ని తప్పుగా పాటించేవి. ఏది ఎక్కడ తప్పుతోందో ఆయన పరీక్షించి రాశాడు. బ్రౌజర్ చెప్పిందే వేదమని ఊరుకోకుండా, నిర్దేశాలలో ఉన్నదానితో పోల్చి చూడటం నేను అక్కడ నేర్చుకున్నాను.

ఇదంతా లోలకానికి ఎందుకంటావా? ఆ గుమస్తాయే నీ లోలకాన్ని కూడా గీయాలి. నువ్వు ఏదైనా భారీ లెక్కలో ఆయనను అర సెకను కూర్చోబెట్టావంటే, లోలకం గాలిలో అర సెకను ఆగిపోతుంది. బొమ్మను కదిలించడానికి సెట్‌టైమౌట్ వాడకు. రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ అనే ఫంక్షన్ ఉంది, అది వాడు. ప్రతి పిలుపులోనూ దాన్ని మళ్లీ అడుగుతూ ఉంటే, బ్రౌజర్ తెరను తిరిగి గీయబోయే ప్రతిసారీ నీ కోడ్‌ను పిలుస్తుంది. మామూలు తెరల మీద సెకనుకు 60 సార్లు, అంటే దాదాపు ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది, నువ్వు పడకూడదు. పిలిచిన ప్రతిసారీ ఇంత కాలం గడిచిందని ఒక స్థిరమైన విలువ పెట్టుకుంటే, నీ తెర మీద బాగానే ఊగుతుంది. సెకనుకు 120 సార్లు గీసే ఫోను ఉన్న విద్యార్థి చేతిలో అదే లోలకం రెట్టింపు వేగంతో ఊగుతుంది. భౌతికశాస్త్రం పాఠంలో డోలనావర్తన కాలం ఫోను ఖరీదును బట్టి మారితే ఎలా! పిలిచేటప్పుడు బ్రౌజర్ సమయాన్ని కూడా చేతికిస్తుంది. గత పిలుపుకూ ఈ పిలుపుకూ మధ్య నిజంగా గడిచిన కాలాన్ని దానితో లెక్కగట్టి, కోణాన్ని అంత మేరకే జరుపు. ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు, నువ్వు రోజూ పిల్లలకు చెప్పేదే.

పేజీ అమరిక కోసం, అంటే దాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాష కోసం, రెండు చోట్లకు వెళ్లు. సీఎస్ఎస్ ట్రిక్స్‌ను క్రిస్ కోయర్ 2007లో మొదలుపెట్టాడు. అందులో ఫ్లెక్స్‌బాక్స్ గురించి (డబ్బాలో వస్తువులను వరసగా అమర్చే పద్ధతి అది) 2013లో వచ్చిన పూర్తి మార్గదర్శిని నేను ఇప్పటికీ తెరుస్తుంటాను. డబ్బాకు ఇవ్వాల్సిన ఆదేశాలు ఒక పక్క, డబ్బాలోని వస్తువులకు ఇవ్వాల్సినవి మరో పక్క, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. రెండోది జాష్ కోమో బ్లాగు. ఆయన వ్యాసాల్లో బొమ్మలు ఊరికే ఉండవు. పక్కనున్న మీటను జరిపితే డబ్బా సాగుతుంది, ముడుచుకుంటుంది, పక్కవాటిని నెడుతుంది. నీలాంటి ఉపాధ్యాయుడు తప్పకుండా చూడాలి, సీఎస్ఎస్ కోసమే కాదు, పాఠం ఎలా చెప్పవచ్చో చూడటానికి. నీ లోలకం పక్కన తీగ పొడవు మార్చే మీట ఒకటి పెట్టాలని నీకు అక్కడే అనిపిస్తుంది.

రియాక్ట్ (పేజీలు కట్టడానికి వాడే ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ) గురించి అడిగావు. నీ పేజీకి అది అక్కర్లేదు. ఏదో ఒక రోజు ఆసక్తి పుడితే డాన్ అబ్రమోవ్ బ్లాగు ఉంది. యూజ్‌ఎఫెక్ట్ అనే రియాక్ట్ ఫంక్షన్ గురించి ఆయన 2019లో రాసిన పొడవాటి వ్యాసాన్ని నేను మూడు రాత్రులు కూర్చుని చదివాను. ఇప్పుడు మాత్రం ఆయన 2018 డిసెంబరు చివర్లో రాసిన మరో వ్యాసం చదువు. అందులో తనకు ఏమేమి తెలియవో ఒక్కొక్కటిగా రాశాడు. అప్పటికే రియాక్ట్ బృందంలో పనిచేస్తున్నాడు, ప్రపంచమంతా ఆయన కోడ్‌ను వాడుతోంది. అయినా తనకు ఫ్లెక్స్‌బాక్స్ రాదని రాసుకున్నాడు! అది చదివిన రోజు నా గుండె మీద నుంచి పెద్ద బరువు దిగింది. ఈ రంగంలో అన్నీ తెలిసినవాళ్లెవరూ లేరని, తెలియనిదాన్ని తెలియదనడం చిన్నతనం కాదని ఒక పెద్దవాడి నోట వినడం వేరు. ‘ఈ వయసులో నాకు వస్తుందా’ అని నీ ఉత్తరం చివర్లో రాశావు చూడు, దానికి నా జవాబు ఆ వ్యాసమే.

ఎండీఎన్ మాత్రం రోజూ తెరిచి ఉంచు. అది బ్లాగు కాదు, వెబ్ భాషలకు నిఘంటువు లాంటిది. మొజిల్లా 2005లో మొదలుపెట్టింది, 2017లో మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా చేయి కలిపాయి. ఏ ఫంక్షన్ పేజీకి వెళ్లినా చివర ఒక పట్టిక ఉంటుంది. అది ఏ బ్రౌజర్‌లో ఎప్పటి నుంచి పనిచేస్తుందో అందులో చూసుకోవచ్చు. నీ విద్యార్థుల్లో పాత ఫోన్లున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆ పట్టిక నీకు మరీ ముఖ్యం. జావాస్క్రిప్ట్ భాషలోకి కొత్తగా ఏం వస్తోందో ఆక్సెల్ రౌష్‌మేయర్ తన బ్లాగులో ఎంతో ఓపికగా రాస్తాడు, అయితే అది వచ్చే ఏడాది మాట.

ఏది చదివినా ముందు తేదీ చూడు. 2015లో ఈ భాషకు పెద్ద సవరణ వచ్చింది. లెట్, కాన్స్ట్ (విలువలకు పేర్లు పెట్టే కొత్త పదాలు), యారో ఫంక్షన్లు (ఫంక్షన్‌ను క్లుప్తంగా రాసే తీరు), ప్రామిస్‌లు అన్నీ అప్పుడే ప్రమాణంలో చేరాయి. అంతకు ముందు రాసినవాటిలో అంతా పాత పదమైన వార్‌తోనే కనిపిస్తుంది. కొత్తవాడివి రెండు కాలాల కోడ్‌నూ కలిపి చదివితే తికమక పడతావు. అలాగని పాతదంతా పనికిరాదనుకోకు. ఏతన్ మార్కాట్ 2010 మేలో వెబ్ పత్రిక ఎ లిస్ట్ అపార్ట్‌లో రాసిన వ్యాసం ఉంది. తెర వెడల్పును బట్టి పేజీ తనంతట తాను ఒదిగిపోవాలని చెప్పి, దానికి రెస్పాన్సివ్ అనే పేరు పెట్టింది అందులోనే. పద్ధతులు మారాయి కానీ ఆ ఆలోచన ఇవాళ్టికీ మన ఫోన్లలో ప్రతి పేజీకీ పునాది.

ఇక ఈ బ్లాగులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి, మన అవసరాల్లో కొన్నిటికి వాటిలో సమాధానం దొరకదు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సంస్థ కోసం పేర్లు నమోదు చేసుకునే పేజీ రాశాను. పేరు పది అక్షరాలు దాటితే మిగతాది కత్తిరించమన్నారు. లెంగ్త్ (జావాస్క్రిప్ట్ చెప్పే పొడవు) చూసి కత్తిరించేలా రాశాను. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించాను, అంతా సరిగ్గా ఉంది. తెలుగులో ‘లక్ష్మీనారాయణ’ అని రాసిన చోట పేజీ ‘లక్ష్మీనార’ అని చూపించింది. మన లెక్కలో ఆ పేరుకు ఆరే అక్షరాలు. జావాస్క్రిప్ట్ లెక్కలో పదమూడు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, ఇలా దేనికది విడిగా లెక్కిస్తుంది. పదో అంకె దగ్గర ‘ర’ మిగిలింది, దాని దీర్ఘం పోయింది, వెనకున్న రెండు అక్షరాలూ పోయాయి. ఒక మనిషి పేరును నా కోడ్ నరికేసిందని తెలిసినప్పుడు చాలా బాధపడ్డాను.

నువ్వు ఇప్పుడే కన్సోల్ తెరిచి ‘తెలుగు’ అన్న మాట లెంగ్త్ ఎంతో అడుగు. ఆరు అంటుంది. మన కంటికి కనిపించేవి మూడు. దీనికి ఇప్పుడు మంచి మార్గం ఉంది. ఇంటల్ సెగ్మెంటర్ అనే పనిముట్టు మాటను మనిషి చదివే అక్షరాలుగా విడదీస్తుంది. 2024లో ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని చేర్చుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ దొరుకుతోంది. ఒత్తులున్న మాటలతో మాత్రం పాత, కొత్త బ్రౌజర్లు రెండిటిలోనూ పరీక్షించుకో. ఒత్తును హల్లుతో కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న నియమం, అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లోనే వచ్చింది. నీ పేజీలో పిల్లలు తెలుగులో జవాబులు రాసే పెట్టె ఉంటుందన్నావు కదా, అక్కడ ఇది తప్పక అవసరపడుతుంది. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా తెలుగులో రాసి పెట్టు. నువ్వు రాయకపోతే, మన తర్వాత నేర్చుకునే పిల్లలు మళ్లీ అదే చోట ఆగిపోతారు.

అన్నట్టు, బ్లాగుల్లో కొత్త వ్యాసం ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవడానికి రోజూ అన్నిటినీ తెరిచి చూడనవసరం లేదు. ఆర్ఎస్ఎస్ ఫీడ్ చదివే యాప్ ఏదైనా పెట్టుకుని, చిరునామాలు ఒకసారి చేరిస్తే చాలు, అవే నీ దగ్గరికి వస్తాయి. వారానికి ఒక వ్యాసం చాలు. అందులోని కోడ్‌ను అతికించకుండా చేత్తో టైపు చెయ్యి, ఒక పంక్తి మార్చి ఏమవుతుందో చూడు, నీ మాటల్లో నోటుపుస్తకంలో రాసుకో.

ఈ ఆదివారం ఆర్చిబాల్డ్ వ్యాసం తెరువు. మీట నొక్కే ముందు, ఏ సందేశం ఎప్పుడు పడుతుందో ఒక కాగితం మీద రాయి. ప్రయోగశాలలో పిల్లల చేత ముందు అంచనా రాయించి, తర్వాతే గడియారం చేతికిస్తావే, అలాగే. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు, తప్పున్నా సరే. లోలకం మొదటిసారి ఊగిన రోజు మాత్రం ఉత్తరం రాయకు, నేరుగా ఫోను చెయ్యి.

నీ
చిన్ననాటి నేస్తం