మా లంకలో మెరక ఎక్కడుందో కొలిచి రాయి పాతించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా మేనల్లుడు డెన్మార్క్‌లో ఉద్యోగం చేస్తన్నాడు, మొన్న వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టి మావయ్యా ఈ దేశం మొత్తానికీ ఎత్తయిన చోటు ఇదే అన్నాడండి. చూస్తే గడ్డి నేల, అందులో ఓ పాత తిరగలి రాయి, అంతే. పేరు మోల్లెహోయ్, ఎత్తు 170.86 మీటర్లు. అక్కడ ఒకప్పుడు పిండిమర ఉండేదంట, ఆ మర రాయే గుర్తుగా ఉంచారు.

1847 దాకా 147 మీటర్ల ఇంకో గుట్టే అన్నిటికన్నా ఎత్తు అనుకునేవాళ్ళంట, తర్వాత ఏయర్ బావ్నెహోయ్ అన్నారు, దాని మీద టవర్ కూడా కట్టారు, తీరా 2005లో మళ్ళీ కొలిస్తే పక్కనున్న మోల్లెహోయే 51 సెంటీమీటర్లు ఎక్కువని తేలింది. మూరెడండి! యిడింగ్ స్కౌహోయ్ అని ఇంకోటుంది, దాని మీదున్న పాతకాలం సమాధి దిబ్బతో కలిపితే 172 దాటుతుంది, కానీ మనుషులు పోసిన మట్టి లెక్కలోకి రాదన్నారు.

మూరెడు తేడా అంటే ఏంటో గోదావరి లంకలో ఉండే మాకు తెలుసండి. 2022 జులై వరదకి మా వీధిలో నడుం లోతు నీళ్ళు, రామాలయం పక్క మెరక మీద ఇళ్ళకి మాత్రం అరుగు దగ్గరే ఆగిపోయినియ్. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా చిన్నపిల్లలు కూడా చెప్తారు, కానీ ఆ నీళ్ళు వస్తే మా ఊళ్ళో ఏ వీధి మునుగుద్ది ఏది మునగదు అంటే చెప్పే అంకె ఒక్కటీ లేదు.

86 వరదకి మా నాన్న గొడ్లని తోలుకెళ్ళింది ఊరి చివర పాటిదిబ్బ మీదకి. రెండేళ్ళుగా దాన్ని ప్రొక్లెయిన్ పెట్టి తవ్వి ట్రాక్టర్లతో లేఅవుట్లు పూడ్చడానికి పట్టుకుపోతన్నారు, అడిగితే ఉత్త మట్టే కదా అంటన్నారు, నాకు కడుపు తరుక్కుపోయిందండి.

ప్రతి లంకలోనూ ఎత్తయిన చోటు ఏదో సర్వే చేయించి, ఎత్తు చెక్కిన రాయి పాతి, అక్కడ తట్టెడు మట్టి కూడా తియ్యకుండా చూడమని మీ పేపర్ ద్వారా అధికారుల్ని అడుగుతున్నాను. మా దిబ్బ ఇంకా సగం మిగిలుంది, ఎర్రనీరు రాకముందే వచ్చి కొలిస్తే ఈ ఏడు గొడ్లని ఎటు తోలాలో మాకు తెలుస్తాది.

ఇట్లు,
ఒక లంక రైతు, కోనసీమ