బయటి గోడ మీద ఇంత శ్రద్ధ ఎప్పటి నుంచి?

సంపాదకులకు,

తన ఇంటి బయటి గోడ మీద పక్షుల బొమ్మలు పొదిగిన మా వీధి చిత్రకారిణికి, వాటిమీద తెల్ల సున్నం కొట్టమని పురపాలక సంఘం నోటీసు ఇచ్చిన వార్త మీ లోపలి పేజీలో చదివి పది రోజులైంది. అదే రోజు రాయబోతే, కోపంలో రాసింది అచ్చు వేయరని ఇంట్లోవాళ్లు ఆపారు. చల్లబడతానేమోనని చూశాను. చల్లబడలేదు.

ముందు మీ సంగతి. ఆ వార్తకు "గోడ మీద పిచ్చి గీతలు" అని శీర్షిక పెట్టారు. ఆ గోడ మీద గీత అనేదే లేదు. పింగాణీ పెంకులు, పగిలిన గాజు, పాత తాళంచెవులు, సైకిలు పళ్లచక్రాలు సిమెంటులో పొదిగి చేసిన పక్షులు అవి. నలభై ఒకటి, లెక్కపెట్టి చెబుతున్నాను. ఫొటో తపాలా బిళ్లంత వేశారు. అందులోనూ పక్షులను కత్తిరించి, నోటీసు పట్టుకున్న ఉద్యోగి చేతిని మాత్రం స్పష్టంగా చూపించారు. ఇదే పత్రికలో ఒకప్పుడు చిత్రప్రదర్శనల మీద వారం వారం సమీక్ష వచ్చేది. ఇప్పుడు ఆ చోటులో ఏం వస్తోందో మీకే తెలుసు.

ఇక అధికారులు. వాళ్లు చెప్పిన కారణాలు రెండు. వీధికి ఏకరూపత ఉండాలట. వాహనదారుల దృష్టి మళ్లుతుందట. మా కూడలిలో రాత్రంతా మిణుకుమిణుకుమనే ప్రకటనల బోర్డు ఉంది. దాన్ని చూస్తే ఎవరి దృష్టీ మళ్లదు కాబోలు. పోయిన ఎన్నికలప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా మా గోడల నిండా రాసిపోయిన నినాదాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటివల్ల ఏకరూపత దెబ్బతినలేదని, ఇంకా పెరిగిందని కూడా అనవచ్చు, అన్ని ఇళ్ల మీదా అవే అక్షరాలు. సొంత ఇంటి గోడ మీద, సొంత ఖర్చుతో, పొద్దున్నే నిచ్చెన ఎక్కి ఒక మనిషి చేసిన పని మాత్రం వీధికి కళంకమైంది. వీధి దీపం వెలగడం లేదని నేను పెట్టిన అర్జీ ఏడాదిగా ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు. ఈ నోటీసు మాత్రం ఫిర్యాదు అందిన నాలుగో రోజుకే గుమ్మం ఎక్కింది.

ఆ గోడ నాకు మొదటి నుంచీ నచ్చిందని అబద్ధం చెప్పను. నేను ఎదురింట్లో ఉంటాను. గుడ్లగూబను పెట్టిన కొత్తలో కిటికీ తెరవాలంటే చిరాకేసేది. ఇప్పటికీ ఆ గుడ్లగూబ కళ్లకు వాడిన ఎరుపు ఎక్కువేనని నా అభిప్రాయం, ఆవిడకూ చెప్పాను. "మీరు పొద్దున పూటే చూస్తున్నారు, సాయంత్రం ఎండలో చూడండి" అన్నారు. చూశాను. కొంత ఒప్పుకున్నాను. ఇద్దరు మనుషుల మధ్య తేలవలసిన విషయం ఇలా తేలింది. దీనికి ముద్ర వేసిన కాగితం ఎందుకు?

ఫిర్యాదు చేసిన పెద్దమనిషి తన ఇంటి విలువ పడిపోతుందని భయపడుతున్నారట. ఆయన ఇంటికి ఎవరు దారి అడిగినా "పక్షుల గోడ పక్కన" అనే చెబుతారన్న సంగతి ఆయనకు గుర్తు చేయాలి.

ఇవన్నీ ఎప్పుడో తేలిపోయిన తగవులు. ఆస్ట్రియా చిత్రకారుడు హుండెర్ట్‌వాసర్ దీనికి "కిటికీ హక్కు" అని పేరు పెట్టాడు. అద్దెకు ఉన్నవాడైనా సరే, కిటికీలోంచి వంగి చేయి అందినంత మేర బయటి గోడను తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చన్నాడు. ఆ కిటికీ వెనక ఒక మనిషి బతుకుతున్నాడని దారిన పోయేవాళ్లకు దూరం నుంచే తెలియాలన్నాడు. పిచ్చివాడి మాట అని మన అధికారులు అంటారేమో. వియన్నా నగరపాలక సంఘమే ఆయన ఊహ ప్రకారం అద్దె ఇళ్ల సముదాయం కట్టించింది. అది 1985లో పూర్తయింది. కిటికీ చుట్టూ అలంకరించుకునే హక్కు అక్కడ అద్దె ఒప్పందంలోనే ఉంది. మా చిత్రకారిణి అద్దెకు కూడా లేరు, ఇల్లు ఆవిడదే. పైగా పక్కవాళ్ల ప్రహరీ వైపు ఒక్క పెంకు కూడా దాటనివ్వలేదు.

ఫ్రాన్సులోని షార్త్ర్ పట్టణంలో రేమండ్ ఇసిదోర్ అనే శ్మశాన ఉద్యోగి 1938 నుంచి ఇలాంటి పగిలిన పెంకులతోనే తన ఇంటిని లోపలా బయటా నింపాడు. జనం పేరు పెట్టి ఎగతాళి చేశారు. 1964లో ఆయన పోయాక, 1983లో అదే ఇల్లు చారిత్రక కట్టడమైంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో టైరీ గైటన్ అనే చిత్రకారుడు 1986లో తన వీధి ఇళ్లను కళాఖండాలుగా మార్చడం మొదలుపెడితే, నగరం 1991లోనూ 1999లోనూ యంత్రాలు పంపి కొంత కూల్చింది. ఆ వీధిని చూడడానికి దూరదేశాల నుంచి జనం వస్తారు. కూల్చిన యంత్రాన్ని చూడడానికి ఎవరూ రారు.

అడగవలసిన ప్రశ్న ఒకటి నిజంగానే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. బయటి గోడ కాన్వాసు కాదు. తడి ఆరకముందే రంగు వేస్తే పొక్కులు లేస్తాయి. పెంకుల మధ్య సిమెంటు పగిలితే నీరు దిగుతుంది, ఒకనాడు పెంకు ఊడి కింద నడిచేవాళ్ల మీద పడుతుంది. కాబట్టి పెంకులు గట్టిగా పట్టుకున్నాయా లేదా అని పరీక్షిస్తే నేనూ పక్కన నిలబడతాను. లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా అనే ఆయన 1921 నుంచి 1954 వరకు ఇలాగే పెంకులు పొదిగి ఒంటరిగా కట్టిన వాట్స్ గోపురాలు ప్రమాదకరమని నగరం కూల్చివేతకు ఆదేశించింది. వాటిని కాపాడుకోవాలనుకున్నవాళ్లు ఊరుకోలేదు. 1959లో పదివేల పౌండ్ల బలంతో లాగే పరీక్ష జరిగింది. గోపురం కదలలేదు, లాగిన పరికరమే వంగింది. మా వీధికి వచ్చిన ఉద్యోగి ఒక్క పెంకునైనా వేలితో తట్టి చూడలేదు. గోడ దగ్గరికే రాలేదు. రోడ్డుకు అటువైపు నుంచి ఫోనులో బొమ్మ తీసుకుని, పదిహేను రోజుల్లో తెల్ల సున్నం కొట్టమని రాసిచ్చి వెళ్లిపోయాడు. ఆ నోటీసులో ఆవిడ ఇంటిపేరు తప్పు. పన్ను రసీదుల్లో ఏళ్ల తరబడి నా ఇంటిపేరు కూడా తప్పే. ఎన్నిసార్లు తిరిగినా దిద్దలేదు.

గడువు ఇంకా మూడు రోజులుంది. ఆవిడ సున్నం తేలేదు. మా ప్రహరీ గోడ ఇరవై అడుగులూ ఖాళీగా ఉందని నిన్న సాయంత్రం వెళ్లి చెప్పి వచ్చాను. మొన్న పగిలిన మా పూలకుండీ ముక్కలు కూడా ఇచ్చాను. కొంగతో మొదలుపెడతానన్నారు. రెండో నోటీసు నా పేరున తయారు చేసుకోవచ్చని అధికారులకు మీ పత్రిక ద్వారా తెలియజేస్తున్నాను. ఇంటిపేరు ఈసారైనా సరిగ్గా రాయమనండి.

ఇట్లు,
ఎదురింటి పాఠకుడు