కేస్ విప్పే ముందు లోపం తేల్చండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు షెడ్డుకొచ్చి, కింద ఏదో శబ్దం వస్తోందంటే చాలు, "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది, దించాల్సిందే" అనేస్తున్నారు. బాగుచేస్తే ఇంకా చాలాకాలం తిరగాల్సిన బళ్లు ఈ ఒక్క మాట మీద తుక్కులోకి పోతున్నాయి. అంబులెన్సులు, ఫైరింజన్లు, అడవుల్లో తిరిగే గస్తీ బళ్లు కూడా ఇలాంటివే. అవి ప్రజల సొమ్ముతో కొన్నవి కాబట్టే షెడ్డులో మాట్లాడుకునే విషయాన్ని పత్రికకి రాస్తున్నాను.

గేర్‌బాక్స్ వెనక ఉండే ఈ పెట్టె ఇంజన్ బలాన్ని ముందు, వెనక హౌసింగులకు, అంటే యాక్సిళ్లకు, పంచుతుంది. పాతవాటిలో కొన్ని పూర్తిగా గేర్లతోనే పనిచేస్తాయి. న్యూ ప్రాసెస్ కంపెనీ 205 అలాంటిదే, బరువైన ఇనప కేసు, లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే గేరు) 1.96:1. ఆ తర్వాత వచ్చిన 231లో అల్యూమినియం కేసు, ముందు షాఫ్టుని తిప్పడానికి చైను, లో రేంజి 2.72:1. బండి కింద ఏ కేసుందో చూడకుండానే "చైను సాగింది" అనే మెకానిక్ మాట నేను నమ్మను. 205లో అసలు చైనే ఉండదు.

ముందుగా అడగాల్సింది ట్రాన్స్‌ఫర్ కేస్ లివరు ఏ పొజిషన్లో ఉండగా శబ్దం వస్తోందని. టూ-హై అంటే వెనక చక్రాలకే బలం, ఫోర్-హై అంటే నాలుగింటికీ, ఫోర్-లో అంటే నాలుగింటికీ లో రేంజిలో. టూ-హైలో వస్తుంటే చైను జోలికి పోనక్కర్లేదు, అప్పుడు దాని మీద లోడు పడదు. బండి కదిలేటప్పుడు ఒక్కసారి ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (కీళ్లు), స్లిప్ యోక్ (షాఫ్టు ముందుకీ వెనక్కీ జారే తొడుగు) చూడాలి. గ్రీజు లేక ఎండిపోయిన స్లిప్ యోకే చాలాసార్లు అసలు దోషి. ఒక్క ఫోర్-లోలోనే అరుస్తుంటే 231 లాంటి కేసుల్లో లో రేంజి ఇచ్చే ప్లానెటరీ గేర్ల వైపు చూడాలి, ఎందుకంటే హై రేంజిలో వాటి మీద లోడు ఉండదు. ఫోర్-హైలోనూ ఫోర్-లోలోనూ, అదీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే, పళ్లు దాటినట్టు టకటకమంటే అప్పుడు చైనుని అనుమానించొచ్చు. అప్పుడైనా ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే, విడదీసే లాకులు) చూశాకే. అరిగిన ఆటోమేటిక్ హబ్బు జారినా అచ్చం ఇదే చప్పుడు చేస్తుంది.

"ముందు చక్రాలు లాగడం లేదు" అన్న ఫిర్యాదు దగ్గరే ఎక్కువ అన్యాయం జరుగుతోంది. దీన్ని తేల్చడానికి ఒక్క బోల్టు కూడా విప్పక్కర్లేదు. చదునైన చోట బండి ఆపి, ఇంజన్ కట్టేసి, చక్రాలకి అడ్డు పెట్టి, ముందు హబ్బులు ఫ్రీలో ఉంచాలి. లివరు టూ-హైలో ఉండగా కిందకి వెళ్లి ముందు షాఫ్టుని చేత్తో తిప్పితే సులువుగా తిరుగుతుంది. లివరు ఫోర్-హైలో వేసి మళ్లీ తిప్పి చూడాలి. పళ్లు కలవకపోతే బండిని అడుగు దూరం జరిపితే కలుస్తాయి. కాస్త ఆట ఆడి షాఫ్టు బిగుసుకుపోయిందంటే ట్రాన్స్‌ఫర్ కేస్ తన పని తాను చేస్తోంది, లోపం అక్కణ్నుంచి ముందు చక్రాల వైపు ఉంది. హబ్బు లాక్ అవడం లేదేమో చూడాలి. ముందు యాక్సిల్‌ని కలిపేది వాక్యూమ్ డయాఫ్రమ్ (ఇంజన్ గాలి పీల్పుతో కదిలే పొర) అయితే దానికొచ్చే రబ్బరు గొట్టాలు తడిమి చూడాలి. ఇంజన్ వేడికి ఎండి, వంచితే పగులు తేలే చిన్న గొట్టం ముక్క చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ మొత్తం పనిచేయకుండా పోవడానికి. ఆ గొట్టం మార్చడానికి కేసు దించాల్సిన పనేముంది?

ఫోర్-లో నిలవకుండా జారిపోతుంటే ముందు లింకేజి (లివరుని కేసుకి కలిపే కడ్డీలు), బుష్షులు, గేర్‌బాక్స్ మౌంటు చూడాలి. మౌంటు కుంగితే లివరు పూర్తిగా పడదు. అవన్నీ సరిగ్గా ఉన్నాకే కేసు లోపల గేర్లని జరిపే ఫోర్కు మాట ఎత్తాలి. లివరు అసలు వెనక్కి రాకపోతే టైర్లు చూడండి. ముందొక సైజు, వెనకొక సైజు వేసుకుని పొడి రోడ్డు మీద ఫోర్-హైలో తిప్పితే షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. స్టీరింగు తిన్నగా పెట్టి కాస్త రివర్స్ చేస్తే చాలాసార్లు వదిలేస్తాయి.

ఇక ఆయిలు. డ్రెయిన్ ప్లగ్గు తీసే ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి, లేదంటే ఖాళీ చేసిన కేసులో మళ్లీ పోయడానికి దారి ఉండదు. కారిన ఆయిల్లో బూడిదరంగు మెత్తటి పొడి ఉంటే భయం లేదు. ఉక్కు ముక్కలు కనిపిస్తే మాత్రం కేసు విప్పాల్సిందే, పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. కేసులో ఆయిలు ఉండాల్సినదానికన్నా ఎక్కువై, పక్కనున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సులో తగ్గుతుంటే రెండింటి మధ్య సీలు పోయింది. 231కి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలు పోయాలి. చిక్కటి గేర్ ఆయిలే బలమనుకుని అందులో పోసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది న్యూట్రల్. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే గేర్‌బాక్స్ పార్కులో ఉన్నా, ఫస్టు గేరులో ఉన్నా బండి దొర్లిపోతుంది. ఆ గేరుకీ చక్రాలకీ అప్పుడు సంబంధమే ఉండదు. పాత బళ్లలో లివరు మీది అక్షరాలు అరిగిపోయి, లింకేజి వదులై, డ్రైవరు ఫోర్-లో అనుకున్నది నిజానికి న్యూట్రల్ అయి ఉండొచ్చు. వాలులో హ్యాండ్ బ్రేకు వేయకుండా దిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. షెడ్డులో మరో ప్రమాదం ఉంది. వెనక చక్రాలు మాత్రమే జాకీ మీదకెత్తి, ఫోర్ వీల్‌లో ఇంజన్ నడిపిస్తే నేల మీదున్న ముందు చక్రాలు బండిని స్టాండ్ల మీంచి లాగేస్తాయి. కింద మనిషి ఉంటాడు.

అందుకే నా విన్నపం. ప్రభుత్వ బండిని ట్రాన్స్‌ఫర్ కేస్ పేరుతో పక్కన పెట్టే ముందు, శబ్దం ఏ పొజిషన్లో వచ్చింది, ముందు షాఫ్టు బిగుసుకుందా లేదా, హబ్బులు, గొట్టాలు చూశారా, ఆయిల్లో ఏం కనిపించింది అన్నవి కాగితం మీద రాసి, పరీక్షించిన మెకానిక్ సంతకం పెట్టాలి. సొంత బండి ఉన్నవాళ్లు కూడా షెడ్డులో ఈ కాగితం అడిగి తీసుకోవాలి. వాహన తనిఖీ అధికారులు హ్యాండ్ బ్రేకుతోపాటు ఈ లివరు గుర్తులనీ లింకేజినీ చూడాలి. వృత్తి శిక్షణ సంస్థల్లో కేసు విప్పి బిగించడం నేర్పే ముందు, విప్పకుండా లోపం పట్టడం నేర్పాలి. తయారీదారులు ఆపేసిన మోడళ్ల సర్వీస్ మాన్యువళ్లను ఎవరైనా చూసుకునేలా ఉచితంగా అందుబాటులో ఉంచాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మెకానిక్