చికెన్ ప్యాకెట్ మీద ‘యాంటీబయాటిక్ అవశేషాలు లేవు’ అన్న మాట గురించి ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

మూడు ఆదివారాల కిందట ఎం.వి.పి. కాలనీలోని మీ షాపులో కిలో కర్రీ కట్ ప్యాకెట్ కొన్నాను. గడువు తేదీకి ఇంకా రెండు రోజులుంది. ఇంటికొచ్చి సింకులో పెట్టి కత్తిరించేసరికి పుల్లటి వాసన, ముక్కలు జిగటగా చేతికి అంటుకుంటున్నాయి. మీ నంబరుకు ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సాయంత్రానికల్లా డబ్బులు వెనక్కి వేశారు, పైన 100 రూపాయల కూపన్ కూడా పంపారు. దాని మీద నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ ఫోన్‌లోనే నేను అడిగిన రెండో మాట దగ్గర. మీ ప్యాకెట్ మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘యాంటీబయాటిక్ అవశేషాలు లేవు’ అని వేస్తున్నారు. ‘అంటే ఆ కోళ్లకు అసలు యాంటీబయాటిక్స్ ఇవ్వలేదా, లేక ఇచ్చి, కోసే ముందు ఆపేశారా?’ అని అడిగాను. ‘సేఫే మేడమ్, మేం టెస్టు చేస్తాం’ అంది. మళ్లీ అడిగితే పైవాళ్లను కనుక్కుని చెబుతామంది. తర్వాత రెండుసార్లు ఈమెయిల్ రాశాను. రెండుసార్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు వచ్చింది. అందులో నా ప్రశ్నకు సమాధానం తప్ప అన్నీ ఉన్నాయి.

ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను. పోయిన ఏడాది మా అత్తగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. కల్చర్ రిపోర్టులో వరసగా మందుల పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. ఆ కాగితం మీద పైనుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్. చివర్లో రెండు మూడు మందులు మాత్రం మిగిలాయి, అవీ ఇంజెక్షన్లే. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇది మీ చికెన్ వల్ల వచ్చిందని నేను అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ టెన్షన్ పడ్డాక, యాంటీబయాటిక్ అన్న మాట ఎక్కడ కనిపించినా చదవకుండా వదిలిపెట్టలేకపోతున్నాను.

రెండో కారణం మా పెదనాన్న గారి అబ్బాయి. ఆనందపురం దగ్గర షెడ్డు వేసి కంపెనీ కోళ్లు పెంచుతాడు. మీ కంపెనీకి కాదు, మీలాంటి ఇంకో కంపెనీకి. పిల్లలు కంపెనీవే, దాణా కంపెనీదే, మందులూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ అన్నయ్యవి. కోళ్లు ఎత్తాక కిలోకి ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. ఒకసారి వెళ్లినప్పుడు, నీళ్ల ట్యాంకు మూత తీసి, సూపర్‌వైజర్ ఇచ్చిన డబ్బాలోంచి పొడి కలుపుతున్నాడు. ఏం మందన్నయ్యా అంటే ‘ఐదో రోజు నుంచి ఏడో రోజు వరకు ఇది కలపమన్నారమ్మా’ అన్నాడు. అందులో ఒక్క కోడికైనా జబ్బుందా అంటే లేదు. దాణా బస్తా మీద ప్రొటీన్ ఎంతో రాసి ఉంది కానీ మందుల సంగతి ఒక్క ముక్క లేదు. పెంచేవాడికే తెలియనిది కొనేదానికి నాకెలా తెలుస్తుంది?

నాకు తెలిసిన నిబంధనలు మీకూ తెలిసే ఉంటాయి. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరి ఆసరాగా వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు, చేపలకు, వాటి దాణాలో వాడకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. అంతకుముందే, 2012లో, పశువుల మందుల లేబుల్ మీద విరామ కాలం, అంటే ఆఖరిసారి మందు ఇచ్చాక కోసే ముందు ఎన్ని రోజులు ఆగాలన్నది, ఉండాలని నిబంధన వచ్చింది. ఆ కాలం ఫలానా అని నిర్ధారించని మందైతే, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. బ్రాయిలర్ కోడి బతికేదే దాదాపు 40 రోజులు. మీరు వాడే మందులకు అంతకంటే తక్కువ విరామ కాలం నిర్ధారించి ఉంటే, మందు పేరు, ఆ కాలం చెప్పండి. అందులో దాపరికం ఎందుకు?

అసలు అవశేషాలు లేవన్న మాట నిజమే అయినా సరిపోదు. ఆ టెస్టు మాంసంలో మందు మిగిలిందా లేదా అని మాత్రమే చెబుతుంది. వేల కోళ్లకు ఒకేసారి నీళ్లలో మందు కలిపి పోస్తే, వాటి పేగుల్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా బతికి పెరుగుతుంది. మందు ఒంట్లోంచి వెళ్లిపోయినా అది ఉండిపోతుంది. బాగా ఉడికిస్తే చస్తుంది, నిజమే. కానీ ప్యాకెట్‌లోంచి కారిన నీళ్లు నా సింకులో పడతాయి, అదే చాకుతో కొత్తిమీర తరుగుతాం. బ్యాచ్ అయ్యాక అన్నయ్య షెడ్డులోని ఊక ఎరువుగా కూరగాయల తోటలకు వెళుతుంది. శాకాహారులు కూడా దీన్నుంచి తప్పించుకున్నట్టు కాదు. యూరప్ దేశాలు కోళ్లు తొందరగా బరువెక్కడానికి దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని 2006 నుంచే ఆపేశాయి. అక్కడ చికెన్ దొరకడం మానేయలేదు కదా.

ఒకే జాతి కోళ్లను ఒకే షెడ్డులో వేలకొద్దీ కుక్కి పెంచితే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో చూశాం. తణుకు, పెరవలి మండలాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది, కోళ్లను చంపి పూడ్చారు. ఇక్కడ మా వీధి చికెన్ షాపు అతను రోజుల తరబడి ఖాళీగా కూర్చున్నాడు. అది వైరస్, యాంటీబయాటిక్స్‌తో పోయేది కాదని తెలుసు. అంత ఇరుకులో పెంచుతూ మందుల మీద ఆధారపడే పద్ధతి ఎంత పెళుసైనదో చెప్పడానికే ఈ మాట.

నాకు కావలసింది ఇది. నేను కొన్న బ్యాచ్ కోళ్లకు ఏ యాంటీబయాటిక్ ఇచ్చారు, జబ్బు వచ్చాక ఇచ్చారా, ముందుగానే అన్నిటికీ కలిపారా, ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు, ఇవి రాతపూర్వకంగా చెప్పండి. ఆ బ్యాచ్ అవశేషాల టెస్టు రిపోర్టు పంపండి. రైతుకిచ్చే దాణా బస్తా మీద, మందు డబ్బా మీద లోపల ఏముందో తెలుగులో రాయించండి. మందు వాడిన కోళ్లే అయితే ప్యాకెట్ మీద ఆ మాట కూడా వేయండి. అప్పుడు కొనాలో మానాలో మేం తేల్చుకుంటాం.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా ఆహార భద్రత అధికారులకు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. బిల్లు, బ్యాచ్ నంబరు కనిపించే స్టిక్కర్ ఫొటో, నా రెండు ఈమెయిళ్లు, మీ రెండు జవాబులు జత చేస్తున్నాను. మీరు పంపిన కూపన్ వాడలేదు, దయచేసి ఇంకొకటి పంపవద్దు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం